పదమూడో రాట్నం తల్లి

రాంచందర్‌కు ఒక సందేహం ఏళ్ళ తరబడి ఉంది. పొద్దున్నే స్నానం చేసి నరసింహస్వామి పటం ముందు దీపం ముట్టించి, నూనె అంటిన బొటనవేలిని పంచె అంచుకు తుడుచుకునేటప్పుడల్లా అది గుర్తొస్తుంది. కోట్లమంది మనుషుల వేళ్ళ మీద ఒకరివి ఒకరికి కలవకుండా గీతలు గీసిన ఆ దేవుడు, వాటిని ఎవరు చూడాలని గీశాడు? పోలీసు వేలిముద్రల విభాగంలో ఉద్యోగం చేసినంతకాలం, దొంగలను పట్టుకోవడానికేనని సరిపెట్టుకున్నాడు. రిటైరయ్యాక ఆ జవాబు చాల్లేదు. దొంగల కోసం దేవుడు అంత కష్టపడతాడా? ఒకసారి గుట్ట మీద గుడి పూజారిని అడిగితే ఆయన చేతిలో తీర్థం పోసి, "ముందు తాగండి" అన్నాడు.

ఆ రోజు వత్తి సరిచేస్తుండగానే ఫోన్ మోగింది. కల్వకుర్తి నుంచి సుగుణమ్మ. కంచు విగ్రహాలు పోతపోసే సిద్దయ్య భార్య. సిద్దయ్య పోయి మూడేళ్ళయింది. రాంచందర్ ఇంట్లో దీపపు కుందె కాలు విరిగితే అతికించి ఇచ్చింది ఆయనే.

"సారూ, మా మానసను పోలీసులు తీస్కపోయిండ్రు. నాయిన చేసిన బొమ్మకు నకలు చేసి అమ్ముతాందని కేసు వెట్టిండ్రట. మాకు తెలిసిన పోలీసాయన మీరొక్కరే."

"నేనిప్పుడు పోలీసును కాదమ్మా."

"అయినా సరే రండి," అంది సుగుణమ్మ.

మహబూబ్‌నగర్‌లో బస్సెక్కి కల్వకుర్తిలో దిగి, నేరుగా స్టేషన్‌కు వెళ్ళాడు. ఎస్సై గోపీకృష్ణ బల్ల మీద రెండు కంచు బొమ్మలు ఉన్నాయి. రెండూ మూరెడు ఎత్తు. కాళ్ళు మడిచి కూర్చున్న ఒక ముసలమ్మ. ముందు రాట్నం. కుడి చెయ్యి చక్రం మీద, ఎడమ చెయ్యి దారం లాగుతూ గాలిలో. పక్క కుర్చీలో సిల్కు లాల్చీ వేసుకున్న పర్వతాలు కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

పర్వతాలుకు మహబూబ్‌నగర్‌లో పెద్ద బట్టల షోరూం ఉంది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది ఒక ట్రస్టు పెట్టి, ముసలి చేనేతవాళ్ళకు పురస్కారం ఇవ్వడం మొదలుపెట్టాడు. శాలువాతో పాటు ఇచ్చే కంచు బొమ్మే ఈ రాట్నం తల్లి. చేసింది సిద్దయ్య. మొత్తం పన్నెండు. ఆయన పోయాక, హైదరాబాదులో కళాఖండాలు కూడబెట్టేవాళ్ళు వాటి మీద కన్నేశారు. ఇప్పుడు ఒక్కో బొమ్మకు కారు కొనేంత ధర పలుకుతోంది.

"రండి సార్. పౌడర్ డబ్బా తెచ్చుకున్నరా?" అన్నాడు గోపీకృష్ణ. ట్రైనింగులో అతనికి వేలిముద్రల పాఠం చెప్పింది రాంచందరే. అప్పుడూ వెనక బెంచీలో కూర్చుని ఇలాగే మాట్లాడేవాడు.

"పౌడర్ మీ దగ్గరుంటది. భూతద్దం తెచ్చుకున్న."

"దీనికి భూతద్దమెందుకు సార్, కండ్లు చాలు." గోపీకృష్ణ రెండు బొమ్మలనూ తలకిందులు చేసి చూపించాడు. ఒకదాని పీఠం అంచున ‘సిద్దయ్య’ అని అక్షరాలున్నాయి. రెండోదాని పీఠం బోడిగా ఉంది. "పేరున్నది అసలు. పేరు లేనిది ఆ పిల్ల హైదరాబాద్‌ల అమ్మజూపింది. సిద్దయ్య చేసినయి పన్నెండే, పన్నెండూ అవార్డులకు పోయినయి. పదమూడోది ఎక్కడికెళ్ళి ఊడిపడ్డది? సాయంత్రం మేజిస్ట్రేట్ ముందర పెడుతున్న. చీటింగ్, ఫోర్జరీ."

"పన్నెండే అని ఎవరు చెప్పిండ్రు?"

"నేను," అన్నాడు పర్వతాలు చాయ్ గ్లాసు కింద పెట్టి. "నా కండ్లార చూసిన రాంచందర్ సాబ్. పన్నెండోది పోస్తుంటే పక్కన నిలవడ్డ. పోత అయినంక అచ్చు బయటికి తీపిచ్చి, సిద్దయ్య చేతనే సుత్తెతోని పలగ్గొట్టిచ్చిన. ఇంకోటి పుట్టొద్దు గదా మరి? గందుకే దానికి విలువ."

"ఎన్నడు?"

"తారీఖు యాదికి లేదు. ఆయన పోయేకన్న ముందటి ఏడు. కానీ రోజు మంచిగ యాదున్నది. నేను బయటికొస్తుంటే ఆడోళ్ళు తంగేడు పూలు, గునుగు పూలు పేర్చుకొని బజారంత నిండిండ్రు. ఎంగిలిపూల బతుకమ్మ. నా కారుకు తొవ్వ గూడ ఇయ్యలే!" అంటూ నవ్వాడు. "ఆడనే ఆగి, చూసి, దండం వెట్టుకొని వచ్చిన."

"మంచి గుర్తు," అన్నాడు రాంచందర్. "ఈ అసలుది ఎవరిది?"

"కట్టంగూర్ నర్సింగమ్మది, మా అవార్డు తీసుకున్న ముసలమ్మ. ఇది అసలు అని చూపెట్టనీకి నిన్ననే అడుక్కొచ్చిన."

రాంచందర్ రుమాలు పరిచి, బొమ్మలను ఒక్కొక్కటిగా దాని మీద పడుకోబెట్టాడు. రెండూ లోపల డొల్ల, పీఠం అడుగు తెరిచి ఉంది. ఫోన్ లైటు వేసి, భూతద్దం పెట్టి, చాలాసేపు లోపలికే చూశాడు.

"లోపలేమున్నది సాబ్? బొమ్మను బయట చూడాలె," అన్నాడు పర్వతాలు.

"సార్ ఎప్పుడూ గంతే," అన్నాడు గోపీకృష్ణ. "ఇంటికి పిలిస్తే పీట తిప్పి చూస్తడు."

రాంచందర్ జవాబివ్వలేదు. ఈ పని ఎలా జరుగుతుందో ఆయనకు తెలుసు. కుందె అతికించిన రోజున సిద్దయ్యే చెప్పాడు. మైనం, గుగ్గిలం కలిపి ముద్ద చేస్తారు. రెండు సగాల అచ్చులో ఆ ముద్దను బొటనవేలితో అదుముతూ పలచగా పరుస్తారు. సగాలు రెండూ కలిపి, లోపల వండ్రుమట్టి నింపి, అచ్చు విప్పి, మైనపు బొమ్మ పైన మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోతుంది. అది వదిలిన ఖాళీలో కంచు పోస్తారు. మైనం ఎట్లా ఉంటే కంచు అట్లానే దిగుతుంది. లోపలి వైపు నొక్కిన వేలి గీతలతో సహా.

పేరు లేని బొమ్మ కడుపులో, బియ్యప్పిండి ముద్ద మీద నొక్కినట్టు, వరుసగా బొటనవేలి గుర్తులున్నాయి. వాటిలో రెండు మూడు చోట్ల గీతలు తేటగా పడ్డాయి. సుడి తిరిగిన ముద్ర. సుడికి అడ్డంగా, ఎప్పుడో కత్తి తెగినట్టు, ఏటవాలుగా ఒక గాటు. పేరున్న బొమ్మ లోపల మాత్రం నున్నగా ఉంది. కుంచెతో పూసినట్టు అడ్డంగా సన్నని చారలు. ఒక్క వేలూ లేదు.

ఫోటోలు తీసుకుని, "ఆ పిల్ల వేలిముద్రలు తీసుకున్నరా?" అని అడిగాడు.

గోపీకృష్ణ కాగితం ముందుకు తోశాడు. రాంచందర్ చూసి తల అడ్డంగా ఊపాడు. "కలువలేదు. ఈ బొమ్మ లోపల కంచుల వేలిముద్రలున్నయి గోపీ. మానసవి కావు. ఇది చేసింది ఆమె కాదు."

గోపీకృష్ణ కాగితం తన వైపు లాక్కున్నాడు. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు. "మరి ఎవరివి సార్? ఎవరినన్న పెట్టి చేయించి ఉండొచ్చు గదా? ‘ఎవరివో’ అని రాస్తే మేజిస్ట్రేట్ కాగితం నా ముఖాన కొడ్తడు. పేరు తెచ్చి ఇయ్యండి. లేదంటే నా పని నన్ను చేసుకోనియ్యండి."

వెనక గదిలో మహిళా కానిస్టేబుల్ పక్కన మానస బెంచీ మీద కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఏడ్చి ఏడ్చి ఆపేసిన ముఖం.

"ఎక్కడ దొరికింది బిడ్డా ఆ బొమ్మ?"

"అటక మీద. అమ్మ పాత చీరెల చుట్టి ఉండె. నాయిన ఆఖరుకు చేసింది గావచ్చు, పేరు వేయకముందే పోయిండు గావచ్చు అనుకున్న సార్."

"అమ్మనడిగినవా?"

"అడిగిన. ‘ముట్టకు’ అన్నది. ఎందుకంటే చెప్పలే. నేను ఇనలే." చున్నీ కొసను వేలికి చుట్టుకుంది. "కొలిమి చల్లారి మూడేండ్లాయె. కరెంటు కొలిమి పెట్టి నాయిన పని మళ్ళ నిలవెట్టాలనుకున్న. నాయిన బొమ్మ నాయిన కొలిమికే గదా పోతది అనుకున్న. తప్పా?"

"మీ నాయిన మైనం పని చేస్తుంటే ఎన్నడన్న చూసినవా?"

"లేదు. తలుపేసుకొని చేసేటోడు, ఆచారమని. నేను హాస్టల్లనే పెరిగిన గదా."

"చేతులు కాలింది ఎప్పుడు?"

"నేను టెంత్ల ఉన్నప్పుడు. కంచు కరిగిచ్చే మూస జారి, మరిగే కంచు చేతుల మీద పడ్డది. వేళ్ళన్ని ముడుచుకపోయినయి. అయినా పని ఇడిసిపెట్టలే సార్. అవార్డు బొమ్మలన్ని ఆ చేతులతోనే చేసిండు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా లేచింది.

రాంచందర్ ఆ మెడ వైపు చూసి, ఇంకేమీ అడగకుండా బయటికి వచ్చాడు.

సిద్దయ్య ఇంటి వెనక రేకుల షెడ్డు. కొలిమి గుంటలో బూడిద గట్టిపడి పోయింది. గోడకు పట్టకార్లు వేలాడుతున్నాయి. మూలన తిత్తి మీద గోనెసంచి కప్పి ఉంది. సుగుణమ్మ తాళం తీసి గుమ్మంలోనే నిలబడింది.

"చూడండి సారూ. ఏముంటది చూడనీకి?"

"అమ్మా, ఒకటి చెప్పు. పెత్రమాస నాడు మీ ఇంట్ల కొలిమి వెలుగుతదా?"

ఆమె విననిది విన్నట్టు చూసింది. "అమాస నాడా? ఏ అమాసకూ ముట్టియ్యం. పెత్రమాస అయితే పెద్దలకు బియ్యమిచ్చుడు, పొద్దుమీకి బతుకమ్మ, గంతే. ఆనాడు సుత్తె గూడ ముట్టం. మీకు తెల్వదా?"

"నాకు తెలుసు. పర్వతాలుకు తెల్వదు." బతుకమ్మ పండగ మొదలయ్యే ఎంగిలిపూల రోజు పడేది పెత్రమాస నాడే, అంటే భాద్రపద అమావాస్య. అబద్ధానికి పూలు చుడితే బాగుంటుందనుకున్నాడు పర్వతాలు. పూలే పట్టించాయి. "పన్నెండో బొమ్మ పోసినప్పుడు ఆయన వచ్చిండా?"

"రాలే. దసరా పోయినంక వచ్చి అచ్చు కొంచవోయిండు. దాచిపెడ్త అన్నడు. ఈయన ఇచ్చిండు."

"పలగ్గొట్టలేదా?"

"పలగ్గొట్టుడేంది? గంత మంచి అచ్చును?"

రాంచందర్ షెడ్డంతా కలియదిరిగాడు. మూలన బొగ్గుల బస్తా వెనక ఏదో మెరిసింది. వంగి బయటికి లాగాడు. చెడిపోయిన పోత. కంచు అందక ఒక భుజం, రాట్నం చక్రం పడలేదు. ముఖం మాత్రం చక్కగా వచ్చింది. పీఠం అంచున ‘సిద్దయ్య’ అన్న అక్షరాలూ పడ్డాయి. పేరు మైనంలోనే రాస్తారు కాబట్టి, చెడినదానికీ పేరుంటుంది.

"కరిగియ్యలేదేం?"

"ముఖం వడ్డ బొమ్మను మళ్ళ పొయ్యిల వెయ్య మనసొప్పలే. మొదటి అవార్డుకు చేసింది, చెడిపోయింది. రెండోసారికి మంచిగ వచ్చింది."

రాంచందర్ దాన్ని తిప్పి లోపల లైటు వేశాడు. మట్టి ఇంకా అక్కడక్కడా అంటుకుని ఉంది. రుమాలుతో తుడిచి చూశాడు. బొటనవేలి గుర్తుల వరుస. సుడి. సుడికి అడ్డంగా గాటు. ఫోటో పక్కన పెట్టి చూశాడు. అదే వేలు.

మొదటిదాన్నీ పదమూడోదాన్నీ అదిమింది ఒకే చెయ్యి. అది సిద్దయ్యది కావడానికి వీల్లేదు. కాలి ముడుచుకుపోయిన వేళ్ళకు అంత తేట గీతలుండవు.

కిటికీ చెక్క మీద ఇత్తడి పళ్ళెం ఉంది. అందులో కొంచెం నల్ల మైనం, దాని పక్కన వేలెడంత మైనపు చిలుక. ముక్కు కింద జామకాయ ముక్క కూడా పెట్టారు.

"ఇదెవరు చేసిండ్రమ్మా?"

"ఊకె... పొద్దుపోక." సుగుణమ్మ కొంగు సర్దుకుంది. "చేసుడు, మళ్ళ ముద్ద చేసుడు. చేతులు ఊకుండయి."

"ఎప్పుడు చేసినవు?"

"మొన్న."

ఆయన చిలుకను అరచేతిలోకి తీసుకున్నాడు. కడుపు దగ్గర నొక్కిన గుర్తుంది. భూతద్దం అవసరం కూడా పడలేదు. గాటు కనబడుతూనే ఉంది. చిలుకను మళ్ళీ పళ్ళెంలో పెట్టి, కొలిమి గట్టు మీద కూర్చున్నాడు.

"కూరగాయలు కోస్తుంటే తెగిందా వేలు?"

సుగుణమ్మ కుడి చెయ్యి కొంగు కిందికి పోయింది. రెండో చేత్తో తలుపు దగ్గరికి వేసింది.

"ఆయనకు పట్టకారు పట్టేటంత బలముండె సారూ," అంది. "మైనం పట్టనీకి వేళ్ళు ఒంగకపోయేది. ముందుగాల ఆయన చెప్తుంటే నేను చేసిన. తర్వాత చెప్పుడు గూడ లేకుండె. ఆడది మైనం పడ్తాందని తెలిస్తే గుళ్ళోళ్ళు పని ఇయ్యరు. అందుకే తలుపేసుకునుడు. పోత ఆయనదే సారూ. కంచు మరిగింది లేంది వాసనతోని చెప్పేటోడు. అది నాకు రాదు."

"పదమూడోది?"

"అచ్చు ఇయ్యకముందు పోసిండు. ‘ఇది నీకు. పేరు నువ్వే రాసుకో’ అని పీఠం ఖాళీగ వెట్టిండు. నాకు రాయబుద్ధి కాలే. చీరెల చుట్టి పైన వెట్టిన."

"ఈ మాట ఎస్సైకి చెప్తవా?"

"బడిల ఆయన పేరు మీద బొమ్మల గది వెట్టిండ్రు. ఏటా దండేస్తరు. నా బిడ్డ నాయిన నాయిన అని పాణం ఇడుస్తది." ఆమె ఇత్తడి పళ్ళాన్ని చాటుకు జరిపింది. "నకలు గాదని మీరు చెప్పుండ్రి. వేలు ఎవరిదో చెప్పకుండ్రి."

రాంచందర్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నిజం చెప్పాలంటాయి పుస్తకాలు. భర్త పేరు నిలబెట్టాలని కూడా ఆ పుస్తకాలే చెబుతాయి. రెండూ ఒకే ఇంట్లో ఎదురుపడితే ఎవరు పక్కకు తప్పుకోవాలో అవి ఎక్కడా రాయలేదు.

"నేను చెప్పనమ్మా," అన్నాడు. "నీ వేలు, నీ మాట. ఊరికే తోడు రా."

ఆమె చెప్పులేసుకుంది. చెడిపోయిన బొమ్మను సంచిలో పెట్టుకుని ఆయన వెంట నడిచింది.

వాళ్ళు స్టేషన్‌కు చేరేసరికి జీపు వాకిట్లో సిద్ధంగా ఉంది. మానస గోడ దగ్గర నిలబడి ఉంది. పర్వతాలు అదే కుర్చీలో ఉన్నాడు.

రాంచందర్ చెడిపోయిన పోతను బల్ల మీద పెట్టాడు. "పేరు చూడు గోపీ. సిద్దయ్య. ఇప్పుడు లోపల చూడు. అదే వేలు, అదే గాటు. మొదటి అవార్డుకు పోసి చెడగొట్టుకున్నది ఇది. అంటే అవార్డు బొమ్మలు చేసిన చెయ్యే నువ్వు ఫేక్ అంటున్నదాన్నీ చేసింది."

గోపీకృష్ణ భూతద్దం తీసుకున్నాడు. ఈసారి వెటకారం లేకుండా, పాఠంలో చెప్పినట్టే, గీతలు లెక్కపెట్టుకుంటూ చూశాడు. తల ఎత్తాడు.

"కలుస్తాంది. కానీ ఈ చెడిపోయింది ఎక్కడ దొరికింది? వాళ్ళింట్లనే. పేరు ఎవరైనా రాయొచ్చు. రెండూ కలిసే చేసి ఉండొచ్చు. వేలు ఎవరిది సార్? సిద్దయ్యదా?"

రాంచందర్ భూతద్దం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"సిద్దయ్యదే అయితది," అన్నాడు పర్వతాలు గబుక్కున. తర్వాత తన మాట తనకే అడ్డం తిరుగుతుందని తోచి, "కాదు కాదు. ఆయన చేతులు కాలినయి గదా" అన్నాడు.

"మా నాయినదే," అంది మానస. "ఇంకెవరిదైతది?"

గోపీకృష్ణ కాగితాలు మడిచి కానిస్టేబుల్‌కు ఇచ్చాడు. "పేరు తెమ్మన్న సార్ మిమ్మల్ని. తేలేదు. నడువమ్మా, జీపెక్కు."

మహిళా కానిస్టేబుల్ మానస జబ్బ పట్టుకుంది. పిల్ల చెప్పు జారింది. దాన్ని వెతుక్కుంటూ వంగింది.

"ఆగు బిడ్డా," అంది సుగుణమ్మ.

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. ముద్రల కోసం పెట్టిన ఇంకుబిళ్ళ మీద కుడి బొటనవేలు అద్ది, మానస ముద్రలున్న కాగితం మీదే, ఖాళీగా ఉన్న చోట, గట్టిగా నొక్కింది. సుడి. సుడికి అడ్డంగా గాటు.

"ఇగో పేరు," అంది.

గోపీకృష్ణ కాగితం చూశాడు. బొమ్మ లోపల చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"అమ్మా?" అంది మానస. "అన్నీనా?"

"మైనం నాది. పోత మీ నాయినది. ఇద్దరం లేకుంటే ఒక్కటి గూడ కాకపోతుండె." సుగుణమ్మ కూతురి ముఖంలోకి చూడలేదు. "కోపం చేస్తే చేయి. జీపు మాత్రం ఎక్కకు."

మానస జబ్బ విడిపించుకుంది. వంగి జారిన చెప్పు తొడుక్కుంది. వచ్చి తల్లి పక్కన నిలబడి, ఆ ఇంకు వేలిని తన చున్నీతో తుడవడం మొదలుపెట్టింది. ఎంత తుడిచినా పోలేదు.

పర్వతాలు లేచాడు. "ఇదేం నాటకం? ఎస్సై గారూ, నేను తెచ్చిన అసలుది ముందర పెట్టుకొని..."

"అదే మాట్లాడుదాం," అన్నాడు రాంచందర్. "మీ అసలు బొమ్మ లోపల చూసిండ్రా? కుంచెతోని పూసిన మైనం. ఒక్క వేలు లేదు. ఈమె ముద్దను నొక్కి పరుస్తది, కుంచె వాడదు. ఇంకొకటి. పెత్రమాస నాడు పోత పోసిండ్రన్నరు, సుత్తె పట్టిచ్చిన అన్నరు. విగ్రహాలు పోసేటోళ్ళు అమాస నాడు కొలిమి ముట్టియ్యరు, సుత్తె ఎత్తరు. అచ్చు పలగలేదు. దసరా పోయినంక మీరే కొంచవోయిండ్రు."

"ఆమె చెప్తే అయిపాయెనా? నా బొమ్మ నర్సింగమ్మ ఇంటి నుంచి వచ్చింది. కావాల్నంటే అడగుండ్రి!"

"అడుగుదాం," అన్నాడు గోపీకృష్ణ. అతని గొంతు మారింది. ట్రస్టు కాగితంలోని నంబరుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాడు.

చాలాసేపటికి ఎత్తారు. మగ్గం చప్పుడు ఆగింది. "ఎవరు బిడ్డా?"

"పోలీస్ స్టేషన్ నుంచి అవ్వా. భయపడకు. నీ అవార్డు బొమ్మ నిన్న తెచ్చింది నిజమేనా?"

"నిజమే. జల్ది తెచ్చియ్యుమనుండ్రి. శుక్కురారం తోముకోవాలె."

"తోముడేంది?"

"మరి? దేవుని అర్రల పటాల ముంగట వెట్టుకున్న గదా. చింతపండు వెట్టి, బూడిద వెట్టి వారం వారం తోముత. తోమీ తోమీ తల్లి ముక్కు అరిగిపాయె. మా కోడలు తిట్టేది, గది పూజగిన్నె గాదత్తా, బొమ్మ అని. పోయినేడు సారు మనుషులొచ్చి పాలిష్ చేస్తమని కొంచవోయిండ్రు. ఎంత మంచోళ్ళు బిడ్డా! తెచ్చిచ్చినంక చూస్తే తల్లికి ముక్కు మళ్ళ మొలిచింది!"

గోపీకృష్ణ బల్ల మీది బొమ్మ ముక్కు వైపు చూశాడు. ముక్కు కొసగా, కొత్తగా ఉంది.

"అరిగిన ముక్కు మొలవదు అవ్వా," అన్నాడు మెల్లగా. "నీ బొమ్మ వాళ్ళకాడనే ఉన్నది. నీకిచ్చింది దాని అచ్చుల పోసిన నకలు." తల పక్కకు తిప్పి కానిస్టేబుల్‌తో అన్నాడు. "పాలిష్ పేరు మీద అసలుయి మార్చి అమ్ముకోనీకి ఇంకెన్ని ఇండ్లకు పోయిండ్రో కనుక్కోండి. పర్వతాలు గారూ, మీరు..."

కుర్చీ ఖాళీగా ఉంది. వాకిట్లో కారు చప్పుడు వినిపించి, దూరమైంది. కానిస్టేబుళ్ళు బయటికి ఉరికారు. గోపీకృష్ణ వైర్‌లెస్ అందుకుని కారు నంబరు చెప్పాడు. షోరూంకు మనిషిని పంపమన్నాడు. మానసకు రాసిన కాగితాలు తీసుకుని అడ్డంగా కొట్టేశాడు.

"అమ్మా," అన్నాడు సుగుణమ్మతో. "ఏది అసలో ఏది నకలో చెప్పనీకి ఇప్పుడు నీ వేలొక్కటే సాక్ష్యం. అది ఆయనకూ తెలిసిపోయింది. కేసు తేలేదాక మీ ఇంటికాడ మా మనిషి ఉంటడు. ఒంటరిగ ఎక్కడికీ పోవద్దు." రాంచందర్ వైపు తిరిగాడు. "మీరు గూడ జర జాగ్రత్త సార్."

"ఏమైంది బిడ్డా? ఎవరన్న మాట్లాడుండ్రి," అంది బల్ల మీది ఫోన్. లైను ఇంకా తెరిచే ఉంది. "ఎవరిదో వేలంటున్నరు, నా బొమ్మను చేసిందెవరు?"

మానస ఫోన్ వైపు వంగింది. "మా అమ్మ చేసింది అవ్వా. సుగుణమ్మ. ఈడనే ఉన్నది."

అవతల మగ్గం పీట కిర్రుమంది.

"గట్లనా," అంది నర్సింగమ్మ. "సభల నాకు బొమ్మ ఇచ్చిన నాడు, మీ ఆయనకు దండం వెట్టబోయిన సుగుణమ్మా. ఆయన రెండు చేతులు ఎనుకకు దాసుకున్నడు. ‘ఈ దండం నాది గాదు అవ్వా. నీ దగ్గర్నే ఉంచు, అసలు మనిషి దొరికిన్నాడు ఇయ్యి’ అన్నడు. కాలిన చేతులని సిగ్గువడుతున్నడనుకున్న. అప్పటిసంది నా కాడనే ఉన్నది."

సుగుణమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"ఆగు బిడ్డా," అంది ముసలమ్మ. "ఫోన్ కింద వెట్టాలె. రెండు చేతులు గావాలె గదా."

ఫోన్‌ను చెక్క మీద పెట్టిన చప్పుడు అయింది. గాజులు కదిలాయి. కల్వకుర్తి స్టేషన్‌లో సుగుణమ్మ, ఇంకు పోని వేలితోనే, ఎవరూ కనబడని ఆ ఫోన్‌కు ఎదురుగా రెండు చేతులూ జోడించింది.